కాజీపేట నమూనా యార్డు: పాయింట్ల కరెంటు లోపాల డైరీ

మే, మూడో వారం

మేడమీది గదిలో కాజీపేట యార్డుకు నమూనాగా బొమ్మ రైళ్లతో వేసిన లేఅవుట్‌లో పదకొండు పాయింట్లు (బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే చోట్లు) ఉన్నాయి. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చే లైను, బల్లార్షా వైపు నుంచి వచ్చే లైను కలిసి వరంగల్ మీదుగా విజయవాడ దిక్కుకు సాగే చోటును ఒకటికి ఎనభై ఏడు నిష్పత్తిలో చూపాలన్నది మొదటి నుంచి ఉన్న ఆలోచన. ఆ నిష్పత్తి ప్రకారం మన 1676 మి.మీ. బ్రాడ్ గేజ్ 19.3 మి.మీ.గా రావాలి. బజారులో ఈ నిష్పత్తికి దొరికే, హెచ్.ఓ. అనే పట్టా మాత్రం 16.5 మి.మీ. వెడల్పుతోనే ఉంటుంది, ఎందుకంటే అది 1435 మి.మీ. గేజ్‌కు నమూనా. ఈ తేడాను పట్టించుకోకుండా తయారు పట్టానే వాడుతున్నాను. రైళ్లకు డి.సి.సి. నియంత్రణ (పట్టాల గుండానే డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి) ఉన్నది. పాయింట్లలో ఏడింటికి జంట కాయిళ్ల సోలెనాయిడ్ మోటార్లు (కరెంటు ఇచ్చిన క్షణంలో అయస్కాంతంలా లాగేవి), నాలుగింటికి సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) బిగించి ఉన్నాయి.

ప్రస్తుతం నాలుగు పాయింట్లలో లోపాలు ఉన్నాయి. ఏడో నంబరు దగ్గర మధ్యాహ్నం పూట మాత్రమే షార్ట్ సర్క్యూట్ వచ్చి మొత్తం యార్డు ఆగిపోతున్నది, ఉదయం అదే యార్డు చక్కగా నడుస్తున్నది. గది చివర ఉన్న మూడో నంబరు సగం తిరిగి ఆగుతున్నది. అయిదో నంబరు మీద చిన్న షంటింగ్ ఇంజను ప్రతిసారీ ఆగిపోతున్నది. సర్వోతో నడిచే పదో నంబరు, ఎవరూ ముట్టుకోకపోయినా, పక్కనున్న సోలెనాయిడ్ కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నది.

సోల్డరింగ్ ఐరన్ చేతిలోకి తీసుకునే ముందు ఒక విషయం రాసిపెట్టుకోవాలి. ‘పాయింటు పని చేయడం లేదు’ అనే ఒక్క ఫిర్యాదు వెనుక మూడు వేర్వేరు సర్క్యూట్లు ఉంటాయి. టంగ్ రైలును, అంటే పాయింటులో అటూ ఇటూ జరిగే మొన పట్టాను, కదిపే మోటారు సర్క్యూటు ఒకటి. స్టాక్ రైలు (టంగ్ రైలు వచ్చి ఆనే కదలని పట్టా) నుంచి టంగ్ రైలుకు, అక్కడి నుంచి రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగ్‌కు చేరి ఇంజనును నడిపే పట్టా కరెంటు మరొకటి. పాయింటు ఎటు ఉందో ప్యానెల్ మీద దీపంతో చెప్పే సర్క్యూటు మూడోది. వీటిని ఒకదాని నుంచి ఒకటి విడదీయకుండా వెతికితే, మోటారును మార్చిన తరువాత కూడా ఇంజను అక్కడే ఆగి ఉంటుంది. అందుకని ప్రతి పాయింటు దగ్గర మోటారు తీగలను, క్రాసింగ్ తీగను, దీపాల తీగలను విప్పడానికి వీలైన కనెక్టర్లకు చేర్చి, ఏ సర్క్యూటునైనా ఒంటరిగా పరీక్షించేలా చేశాను. సగం కష్టం ఈ పనితోనే తీరింది.

మే, చివరి వారం

నాలుగింటిలో ఏడో నంబరును ముందు పట్టుకోవడానికి కారణం ఉన్నది. ఎండకు వచ్చే లోపం వానలు పడగానే మాయమవుతుంది, మాయమైన లోపాన్ని వెతకలేం. రోహిణి కార్తె వెళ్లకముందే దీని సంగతి తేలాలి.

పట్టాల మీద ఒక్క బండి కూడా లేనప్పుడు సైతం షార్ట్ వస్తున్నది కాబట్టి చక్రాల మీద అనుమానం పెట్టుకోనక్కరలేదు. పట్టాలకు కరెంటునూ ఆజ్ఞలనూ పంపే కమాండ్ స్టేషన్ తీగలు విప్పి రెండు పట్టాల మధ్య నిరోధం కొలిస్తే, పొద్దున కిలో ఓంలలో ఉన్న అంకె మధ్యాహ్నం రెండు గంటలకు ఒక ఓం కంటే తక్కువకు పడిపోయింది. పట్టాకు కరెంటు తెచ్చే ఫీడర్ తీగలను ఒక్కొక్క సెక్షన్ చొప్పున విప్పుతూ పోతే లోపం ఏడో నంబరు పాయింటు, దాని అవతలి లూప్ లైను (పక్కకు వెళ్లి మళ్లీ కలిసే లైను) మధ్య ఉన్నదని తెలిసింది. అయితే ఆ భాగం రెండు మీటర్ల పైచిలుకు పొడవున్నది, పట్టాలకు రెండు వైపులా కంకర అంటించి ఉన్నది. ఎక్కడ తవ్వాలో తెలియకుండా తవ్వితే కంకర పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక్కడ పనికివచ్చిన పద్ధతి కొంచెం వివరంగా రాయదగ్గది. యు.పి.ఎస్. నుంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీకి, మోటారు సైకిల్ ఇండికేటర్‌లో వాడే 12 వోల్టులు, 21 వాట్ల బల్బును వరుసగా కలిపి, ఆ జతను షార్ట్ ఉన్న పట్టాలకు ఇచ్చాను. పట్టాలు ఎక్కడో కలిసే ఉన్నాయి కాబట్టి బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటు మాత్రం బల్బు అనుమతించిన 1.75 ఆంపియర్లను దాటదు, ఏదీ కాలిపోదు. ఆ తరువాత మల్టీమీటరును మిల్లీవోల్టుల మీద పెట్టి, ఒక మొనను ఫీడర్ దగ్గర ఆనించి, రెండో మొనను అదే పట్టా మీద కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ పోవాలి. ఈ పట్టాలు నికెల్ సిల్వర్‌తో చేసినవి. పేరుకే సిల్వర్, అందులో ఉండేది రాగి, నికెల్, జింకు. దాని నిరోధం రాగి కంటే పదిహేను రెట్లకు పైగా ఎక్కువ కాబట్టి, కరెంటు పారుతున్నంత మేర ప్రతి జానెడుకూ మీటరు అంకె పెరుగుతూ పోతుంది. షార్ట్ ఉన్న చోటు దాటిన తరువాత ఆ పట్టాలో కరెంటే ఉండదు, అంకె పెరగడం ఆగిపోతుంది. అది ఆగిన చోట, కంకర కింద, క్రాసింగ్ అవతల పట్టాను కోసి వదిలిన చీలిక ఉన్నది.

క్రాసింగ్ మొత్తం లోహంతో ఉన్న పాయింటులో ఆ చీలిక ఎందుకు కావాలో తెలియని వారి కోసం ఒక మాట. పెకో సంస్థ ఈ రకాన్ని ఎలక్ట్రోఫ్రాగ్ అనే పేరుతో, ప్లాస్టిక్ క్రాసింగ్ రకాన్ని ఇన్సుల్‌ఫ్రాగ్ అనే పేరుతో అమ్ముతూ వచ్చింది. లోహపు క్రాసింగ్ నేరుగా పోయే దారికి ఒక ధ్రువంతో, పక్కకు తిరిగే దారికి ఎదురు ధ్రువంతో ఉండాలి. దానినుంచి బయలుదేరే రెండు లోపలి పట్టాలకు అవతలి వైపు నుంచి కూడా కరెంటు అందుతుంటే, పాయింటు ఏదో ఒక వైపు తిరిగినప్పుడు రెండు ధ్రువాలు ఎదురెదురుగా కలుస్తాయి. అందువల్ల ఆ రెండు పట్టాలనూ క్రాసింగ్ నుంచి విడదీయక తప్పదు. ప్లాస్టిక్ క్రాసింగ్‌లో ఈ బాధ లేదు కానీ, చిన్న ఇంజను అక్కడికి వచ్చేసరికి కరెంటు అందక నిలబడిపోతుంది. నా దృష్టిలో లోహపు క్రాసింగే మేలు, శ్రమ ఒక్కసారే పడతాం.

ఈ చీలికను జనవరిలో సన్న రంపంతో కోశాను. అప్పుడు దాని వెడల్పు దాదాపు 0.4 మి.మీ. నికెల్ సిల్వర్ ఒక డిగ్రీ వేడికి పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు పదిహేడు వంతులు పెరుగుతుంది. జనవరి ఉదయం గది 20 డిగ్రీల దగ్గర ఉంటే, ఆర్.సి.సి. స్లాబు కింద ఉన్న ఈ గది మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలను సులభంగా అందుకుంటుంది. లూప్ లైనులో జాయింట్లన్నీ సోల్డర్ చేసి ఒకే ముక్కగా మారిన పట్టా పొడవు 1.2 మీటర్లు. లెక్క కడితే పెరుగుదల సరిగ్గా 0.4 మి.మీ. దగ్గరికి వస్తుంది. పట్టా రెండో కొస క్రాసింగ్‌కు ఎదురుగా గట్టిగా అంటుకొని ఉండడంతో, పెరిగిన పొడవంతా చీలిక వైపే జరిగి దాన్ని మూసేసింది.

సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన మా వీధి సారు ఒకరు అప్పుడప్పుడు వచ్చి చూస్తుంటారు. ఈ లెక్క చూపిస్తే ఆయన నవ్వి, ‘‘పట్టా పెరుగుతది తమ్మీ, దానికి జాగ నువ్వు ఇయ్యకపోతే అదే తీసుకుంటది. మా దగ్గర గ్లూడ్ జాయింట్ ఊకెనే పెడతరా?’’ అన్నారు. అసలు రైల్వేలో రెండు ట్రాక్ సర్క్యూట్లను (పట్టా మీద బండి ఉన్నదో లేదో కరెంటుతో కనిపెట్టే సర్క్యూట్లను) విడదీసే చోట పట్టాల కొసల మధ్య ఇన్సులేషన్ ముక్క పెట్టి, జిగురుతో, బోల్టులతో బిగిస్తారు. ఖాళీని గాలికి వదిలివేయరు. నేనూ అదే దారి పట్టాను. చీలికను వెడల్పు చేసి, గడువు తీరిన ఏ.టి.ఎం. కార్డు ముక్కను అందులో దూర్చి, ఫెవిక్విక్‌తో అంటించి, ఆరిన తరువాత పట్టా ఆకారానికి ఆకురాయితో అరగదీశాను. ఆ కార్డుల మందం 0.76 మి.మీ. ఉంటుంది, ఈ పనికి అది సరిగ్గా సరిపోతుంది. లూప్ లైను మధ్యలో ఒక సోల్డర్ జాయింటును విప్పి, పట్టా కొసలను కలుపుతూనే జారే జాయినర్‌ను పెట్టి, దాని రెండు వైపులా విడివిడిగా ఫీడర్లు ఇచ్చాను. పట్టా పెరగడానికి ఇప్పుడు అక్కడ చోటున్నది. మూడు గంటల ఎండలో తలుపులు మూసి చూసినా షార్ట్ రాలేదు.

జూన్, రెండో వారం

మూడో నంబరు సోలెనాయిడ్ సంగతి. మా మేనల్లుడు మీటరు పట్టుకొని మోటారు దగ్గర కొలిచి, ‘‘మామా, వోల్టేజీ పూరా వస్తుంది గని పాయింటు తిరుగుతలేదు, మోటారే ఖరాబైంది’’ అని తేల్చేశాడు. మోటారు విప్పి బల్ల మీద పెట్టి అదే పవర్ సప్లైకి దగ్గరగా కలిపితే, టక్కున కొట్టింది. మోటారు బాగానే ఉన్నది.

లోపం కొలత పద్ధతిలో ఉన్నది. కరెంటు పారనప్పుడు తీగలో వోల్టేజీ తగ్గదు, కాబట్టి మీటరు ఎప్పుడూ నిండు అంకెనే చూపిస్తుంది. కరెంటు పారే క్షణంలో ఎంత మిగులుతుందన్నదే అసలు ప్రశ్న. సోలెనాయిడ్‌కు కరెంటు పారేది సెకనులో ఇరవయ్యో వంతు కూడా కాదు, మామూలు డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తుంది. అందువల్ల మోటారు స్థానంలో పై ఇండికేటర్ బల్బును పెట్టి, బ్యాటరీ నుంచి అవే తీగల గుండా కరెంటు ఇచ్చి, తీరిగ్గా కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, బల్బు దగ్గర 10.8 వోల్టులు. దారిలో ఒకటిన్నర వోల్టు మాయమైంది.

ఆ తీగ పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు వాడిన అర మిల్లీమీటరు తీగ. రాగి తీగ అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉంటే మీటరుకు 0.017 ఓంల నిరోధం ఉంటుంది. ఈ ఫోను తీగ అడ్డుకోత దానిలో అయిదో వంతు మాత్రమే. రానూపోనూ ఆరు మీటర్ల పొడవుకు అర ఓం దాటుతుంది, 1.7 ఆంపియర్లకు 0.9 వోల్టు అక్కడే పోతుంది. మిగిలిన 0.6 వోల్టు ఎక్కడ పోయిందో తెలుసుకోవడానికి కనెక్టర్ స్ట్రిప్పు రెండు వైపులా మీటరు పెట్టి వెతికితే, ఒక స్క్రూ రాగిని కాకుండా తీగ మీది ప్లాస్టిక్‌ను నొక్కి పట్టుకొని ఉన్నట్టు కనిపించింది. రాగి కొస కొంచెం మాత్రమే లోహానికి ఆనుతున్నది.

సోలెనాయిడ్ కాయిల్ నిరోధం నాలుగున్నర ఓంల దగ్గర ఉంటుంది. దానికి దారిలో 0.9 ఓం తోడైతే కరెంటు ఆరో వంతు తగ్గుతుంది. కానీ సోలెనాయిడ్ లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి బలంలో దాదాపు ముప్పై శాతం పోతుంది. టంగ్ రైలు స్ప్రింగును దాటించడానికి ఆ తేడాయే చాలలేదు. లైటు పనికి వాడే చిన్న బల్బులకు ఈ ఫోను తీగ నిక్షేపంగా పనికొస్తుంది. సోలెనాయిడ్లకు మాత్రం పనికిరాదు.

హనుమకొండ చౌరస్తాలో ఇంటి వైరింగుకు అమ్మే 1.5 చదరపు మి.మీ. తీగను ఉమ్మడి రిటర్నుగా లేఅవుట్ పొడవునా లాగి, ప్రతి కాయిల్‌కు 0.75 చదరపు మి.మీ. తీగలు ఇచ్చాను. మూడో నంబరు ఇప్పుడు గట్టిగానే కొడుతున్నది, అయినా వెంట వెంటనే నొక్కినప్పుడు రెండోసారి నీరసంగా ఉన్నది. అది కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ (శక్తిని నిల్వ చేసి కాయిల్‌కు ఒక్కసారిగా వదిలేది) వైపు వేలు చూపిస్తున్నది.

ఆ యూనిట్‌లో 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి ఉన్నది. 16 వోల్టుల ఏ.సి.ని డయోడ్ల గుండా పంపితే కెపాసిటర్ 21 వోల్టుల దగ్గరికి చేరుతుంది, అప్పుడు అందులో దాచుకున్న శక్తి ఒక జౌలు కంటే కొంచెం ఎక్కువ. కెపాసిటెన్స్ కొలిచే మీటరు పెడితే 3100 మాత్రమే చూపించింది, అంటే మూడో వంతు శక్తి తగ్గిపోయింది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు వేడి పడదు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఒక లెక్క వాడుకలో ఉన్నది. స్లాబు కింద కొన్ని ఎండాకాలాలు గడిపిన దాన్ని తప్పుపట్టలేం. కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించిన 105 డిగ్రీల రకం కెపాసిటర్ వేసి, యూనిట్‌ను గోడ మీద నుంచి బల్ల కిందికి మార్చాను. ఈ యూనిట్ లేకుండా నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు కాయిళ్లను కలిపే వారు, ఒక్క పుష్ బటన్ లోపల అతుక్కుపోతే కాయిల్ కాలిపోతుందని గుర్తుంచుకోవాలి. యూనిట్ ఉంటే బటన్ ఇరుక్కున్నా పారేది ఒక్క దెబ్బకు సరిపడా కరెంటే.

జూన్, చివరి వారం

అయిదో నంబరుది పాత జబ్బే. టంగ్ రైలు స్టాక్ రైలుకు ఆనితేనే దానికి కరెంటు అందుతుంది, ఆనే చోట దుమ్ము, నూనె జిడ్డు చేరితే అందదు. మీటరు బీప్ శబ్దం చేస్తుంది, ఎందుకంటే దానికి ఒక మిల్లీ ఆంపియరు చాలు. ఇండికేటర్ బల్బు పెడితే మాత్రం వెలగలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే వెలిగింది, కానీ ఇది నెల రోజుల మందు. టంగ్ రైళ్లను క్రాసింగ్ నుంచి కోసి వేరు చేసి, ఒక్కొక్కదాన్ని దాని పక్కనున్న స్టాక్ రైలుకు సన్న తీగతో శాశ్వతంగా కలిపాను. క్రాసింగ్‌కు విడిగా ఒక మైక్రోస్విచ్ ద్వారా ధ్రువం మారుతుంది.

దీనివల్ల ఇంకో మేలు కూడా ఉన్నది. ముందు తెరుచుకొని ఉన్న టంగ్ రైలు పక్క స్టాక్ రైలుకు ఎదురు ధ్రువంతో ఉండేది. చక్రాల జత లోపలి దూరం 14.4 మి.మీ. కంటే తగ్గిన వ్యాగన్ ఏదైనా పోతే, చక్రం వెనుక భాగం దాన్ని తాకి క్షణకాలం షార్ట్ చేసేది. ఇప్పుడు తాకినా ఇబ్బంది లేదు. సాండ్‌పేపర్‌తో రుద్దే అలవాటు ఉన్నవారు మానుకోవడం మంచిది, ఆ గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది.

తీగల పని అయిన ప్రతి సెక్షన్‌లో రూపాయి బిళ్ళను పట్టాల మీద అడ్డంగా పెట్టి చూస్తున్నాను. కమాండ్ స్టేషన్ వెంటనే కరెంటు ఆపేయాలి. ఆపకపోతే షార్ట్ లేదని సంతోషించరాదు. దారిలో నిరోధం ఎక్కువై, రక్షణ వ్యవస్థ గుర్తించేంత కరెంటు పారడం లేదని అర్థం. అటువంటి చోట ఏదో ఒక రోజు పట్టా కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి.

జులై, మొదటి వారం

పదో నంబరు సర్వో ఉలికిపాటుకు రెండు కారణాలు దొరికాయి. సోలెనాయిడ్ తీగలూ సర్వో సిగ్నల్ తీగలూ ఒకే కట్టలో పోతున్నాయి. సర్వోలకు ఆజ్ఞలిచ్చే ఆర్డుయినో బోర్డు, సర్వోలు ఒకే 5 వోల్టుల సప్లై పంచుకుంటున్నాయి. సర్వోకు ప్రతి ఇరవై మిల్లీసెకన్లకు ఒక పల్స్ వెళ్తుంది, దాని నిడివి ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్ల మధ్య ఎంత ఉందన్నదాన్ని బట్టి సర్వో కోణం మారుతుంది. కాయిల్‌లో కరెంటు ఆగే క్షణంలో పుట్టే వోల్టేజీ మొన ఆ పల్స్‌లో చొరబడితే సర్వో దాన్ని ఆజ్ఞగా తీసుకుంటుంది. కాయిళ్లకు అడ్డంగా 1ఎన్4007 డయోడ్లు పెట్టి, కట్టలను విడదీసి, సర్వోలకు వేరే సప్లై, ప్రతి సర్వో దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఇచ్చాను. రెండు సప్లైల గ్రౌండ్లు ఒకే చోట కలిశాయి. ఉలికిపాటు పోయింది. ఆర్డుయినో ఆన్ చేసిన తొలి క్షణంలో వచ్చే చిన్న కుదుపు మాత్రం ఇంకా ఉన్నది. సిగ్నల్ తీగ నుంచి గ్రౌండ్‌కు పది కిలో ఓంల రెసిస్టర్ వేసి చూడాలి.

ఇక ప్యానెల్ దీపాలు. ఇంతవరకు అవి నొక్కిన బటన్ ఏదో మాత్రమే చెబుతున్నాయి, పాయింటు నిజంగా ఎటు ఉందో చెప్పడం లేదు. మూడో నంబరు సగంలో ఆగినా పచ్చ దీపం వెలిగింది. సారుకు ఇది అస్సలు నచ్చలేదు. మన రైల్వేలో 110 వోల్టుల డి.సి. మోటారు పాయింటును తిప్పి, తాళం వేసి, టంగ్ రైలు స్టాక్ రైలుకు ఆనుకున్నదని విడిగా డిటెక్షన్ (నిర్ధారణ) వచ్చిన తరువాతే సిగ్నల్ పడుతుంది. టంగ్ రైలు మొన దగ్గర 5 మి.మీ. ముక్క అడ్డం పెట్టి, పాయింటు తాళం పడకూడదని, డిటెక్షన్ రాకూడదని పరీక్షిస్తారు. దాన్ని ఎనభై ఏడుతో భాగిస్తే 0.06 మి.మీ. వస్తుంది, కాగితం మందం కూడా లేదు. ఈ బల్ల మీద అంత కచ్చితత్వం సాధ్యం కాదు కనుక అర మిల్లీమీటరు ముక్కతో సరిపెట్టుకున్నాను. మైక్రోస్విచ్‌లను మోటారుకు కాకుండా టంగ్ రైళ్లను కలిపే కడ్డీకి తగిలేలా రెండు కొసల్లో అమర్చి, రెండింటిలో ఏదీ నొక్కుకోకపోతే ఎర్ర దీపం వెలిగేలా తీగలు కలిపాను. ఇప్పటికి మూడు, అయిదు, ఏడు నంబర్లకు ఈ అమరిక పూర్తయింది. ముక్క అడ్డం పెట్టినప్పుడు మూడూ ఎరుపే చూపిస్తున్నాయి. బల్లార్షా వైపు ఉన్న నాలుగు పాయింట్లకు స్విచ్‌లు రావాల్సి ఉన్నది. ఆ వైపు ఫోను తీగలు కూడా ఇంకా మార్చలేదు, వచ్చే వారం ముందుగా వాటిని బల్బుతో కొలవాలి.